పైన నేల ఒకరిది, కింద బొగ్గు మరొకరిది: కెంటకీ కొండల్లో హార్లన్ కౌంటీ

1910 జనగణనలో హార్లన్ కౌంటీ జనాభా 10,566. 1940 నాటికి అది 75,275కు చేరింది. 2020లో లెక్కకు వచ్చినవారు 26,831 మంది. 30 ఏళ్లలో ఏడు రెట్లు పెరిగి, తర్వాతి 80 ఏళ్లలో దాదాపు మూడో వంతుకు కుంగిపోయిన ఈ జనాభా వెనక కరవు లేదు, యుద్ధం లేదు. ఉన్నది బొగ్గు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ బొగ్గు ఎవరి సొత్తు అన్న ప్రశ్న. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఆగ్నేయ మూలన, వర్జీనియా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ కొండ ప్రాంతపు భూగోళం గానీ, చరిత్ర గానీ, మనుషుల తీరు గానీ ఆ ప్రశ్నను పక్కన పెట్టి చదివితే సగమే అర్థమవుతాయి.

కౌంటీ అనగానే మనకు జిల్లా గుర్తుకు వస్తుంది. పోలిక కొంతవరకే సరిపోతుంది. కెంటకీ రాష్ట్రంలో 120 కౌంటీలు ఉన్నాయి. హార్లన్ విస్తీర్ణం సుమారు 1,210 చదరపు కిలోమీటర్లు, అంటే మన దగ్గర కొన్ని మండలాలు కలిపినంత. అయితే పరిమాణం కన్నా ముఖ్యమైన తేడా అధికారంలో ఉంది. మన జిల్లాకు కలెక్టరును, ఎస్పీని ప్రభుత్వం పంపిస్తుంది. అక్కడ శాంతిభద్రతలు చూసే షెరీఫ్‌ను, కౌంటీ పాలన నడిపే జడ్జిని, పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే అధికారిని స్థానికులే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. వినడానికి ఇది ప్రజల చేతిలోని అధికారంలాగే ఉంటుంది. కానీ ఓటరు ఉంటున్న ఇల్లు, తింటున్న తిండి, చేస్తున్న పని అన్నీ ఒకే యజమానివైనప్పుడు ఆ ఎన్నిక ఎవరి చేతిలోకి పోతుందో 1930లలో హార్లన్ చూపించింది.

ముందు కొండల సంగతి చూడాలి. కౌంటీకి ఉత్తరాన పైన్ మౌంటెన్ ఒక పొడవైన గోడలా నైరుతి నుంచి ఈశాన్యానికి సాగిపోతుంది. కోట్ల సంవత్సరాల కిందట భూమి పొరలు విరిగి, ఒకదాని మీదికి మరొకటి నెట్టుకువచ్చినప్పుడు లేచిన కొండ అది. దక్షిణాన, వర్జీనియా వైపు, బ్లాక్ మౌంటెన్ 4,145 అడుగుల ఎత్తున నిలిచి ఉంది. కెంటకీ రాష్ట్రంలో అంతకన్నా ఎత్తైన చోటు లేదు. ఈ కొండల మధ్య పూర్ ఫోర్క్, క్లోవర్ ఫోర్క్, మార్టిన్స్ ఫోర్క్ అనే మూడు పాయలు పారుతాయి. హార్లన్ పట్టణం దగ్గరా, దానికి కాస్త దిగువనా అవి కలిసి కంబర్లండ్ నది అవుతుంది. ఆ నది పైన్ మౌంటెన్ గోడను దాటి బయటపడడానికి పొరుగున ఉన్న బెల్ కౌంటీలోని పైన్‌విల్ దాకా వెళ్ళవలసి వస్తుంది. తర్వాతి కాలంలో రైలు కూడా ఆ దారినే లోపలికి వచ్చింది.

ఇలాంటి చోట సమతలమైన నేల చాలా అరుదు. వాగు గట్టు వెంట ఒక ఇరుకైన పట్టీ, దాని మీదే దారి, దాని మీదే ఇళ్లు, ఆపైన నిటారు వాలు. జనం చిన్న చిన్న కొండ ఇరుకుల్లో, ఒక్కో వాగు వెంబడి ఒక్కో కుటుంబపు కొమ్మగా స్థిరపడ్డారు. ఊళ్ల పేర్లలో వాగుల పేర్లే ఎక్కువ. వాలన్స్ క్రీక్ అలా వచ్చిందే. ఇప్పటి కంబర్లండ్ పట్టణం కూడా ఒకప్పుడు తన పక్కన పారే పాయ పేరుతో పూర్ ఫోర్క్ అనే పిలిపించుకుంది. ఈ ఇరుకుకు జనం చెల్లించే మూల్యం వరద. 1977 ఏప్రిల్‌లో వచ్చిన వరద హార్లన్ పట్టణాన్ని ముంచెత్తింది. ఆ తర్వాత క్లోవర్ ఫోర్క్ పట్టణంలోకి రాకుండా కొండలో పక్కపక్కనే నాలుగు సొరంగాలు తొలిచి నది దారినే మార్చివేశారు. ఒక చిన్న పట్టణం కోసం అంత పని చేయవలసి రావడమే అక్కడ నేల ఎంత తక్కువో చెబుతుంది. ఊరిని మరో చోటికి జరపడానికి మరో చోటు లేదు.

ఆ వాలుల మీద పెరిగే అడవి అమెరికా తూర్పు భాగంలోని అత్యంత సంపన్నమైన అడవుల్లో ఒకటి. ఓక్, మేపుల్, బీచ్, తులిప్ పోప్లర్, హెమ్లాక్ కలిసి పెరుగుతాయి. 1992లో పైన్ మౌంటెన్ వాలు మీద గొడ్డలి పడని ప్రాచీన అటవీ భాగం ఒకటి ఉందని ప్రకృతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. బ్లాంటన్ అడవి అని పిలిచే ఆ 2,000 ఎకరాలకు పైబడిన భాగం నేటి దాకా అలాగే నిలిచి ఉండడానికి కారణం ఒక కుటుంబం దాన్ని అమ్మకుండా, కొట్టకుండా ఉంచుకోవడం. చుట్టూ ఉన్న నేల గతి చూస్తే ఇది చిన్న విషయం కాదు.

తెల్లవారు రాకముందు చెరోకీ, షానీ జాతులవారు ఈ కొండల్లో వేటాడారు. 18వ శతాబ్దం చివరి నుంచి వర్జీనియా, ఉత్తర కరోలినా వైపు నుంచి కంబర్లండ్ కనుమ గుండా ఇంగ్లీషు, స్కాట్స్-ఐరిష్, జర్మన్ మూలాలున్న కుటుంబాలు వచ్చి చేరాయి. 1819లో నాక్స్ కౌంటీ నుంచి కొంత భాగం విడదీసి కొత్త కౌంటీని ఏర్పాటు చేశారు. 1782లో బ్లూ లిక్స్ యుద్ధంలో చనిపోయిన సైలస్ హార్లన్ పేరు దానికి పెట్టారు. తర్వాత 1842లో లెచర్, 1867లో బెల్ కౌంటీలు ఏర్పడినప్పుడు హార్లన్ తన నేలలో కొంత వాటికి ఇచ్చింది. దాదాపు వంద సంవత్సరాలు ఇక్కడి బతుకు మొక్కజొన్న, పందులు, తేనె, అడవిలో తవ్వి తెచ్చే జిన్సెంగ్ వేర్లు, వాగు పొంగినప్పుడు నీటి మీద వదిలే దుంగలు. చేతిలో డబ్బు ఎప్పుడూ తక్కువే, అయినా ఎవరి ఇల్లు వారిది, ఎవరి నేల వారిది.

ఈ కాలాన్ని రెండు విధాలుగా తప్పుగా చదివారు. ఒకటి, 1880లలో టర్నర్, హోవర్డ్ కుటుంబాల మధ్య నడిచిన పగను చూపి, కొండ మనుషులకు హింస రక్తంలోనే ఉందని బయటి పత్రికలు రాశాయి. రెండోది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇక్కడ కాలం ఆగిపోయిందని, పాత ఇంగ్లండ్ ఇంకా బతికే ఉందని మురిసిపోవడం. 1913లో క్యాథరిన్ పెటిట్, ఎథెల్ డిలాంగ్ అనే ఇద్దరు మహిళలు పైన్ మౌంటెన్ సెటిల్‌మెంట్ స్కూలును స్థాపించినప్పుడు, దానికి భూమిని ఇచ్చింది విలియం క్రీచ్ అనే స్థానిక రైతు. తన చుట్టుపక్కల పిల్లలకు చదువు కావాలని ఆయన పట్టుపట్టాడు. 1917లో ఇంగ్లండు నుంచి జానపద గేయాల కోసం వచ్చిన సెసిల్ షార్ప్ ఈ బడిలోనే రన్నింగ్ సెట్ అనే నృత్యాన్ని చూసి, ఇంగ్లండులో మరుగున పడిన పాత రూపం దొరికిందని సంబరపడ్డాడు. ఆయన సేకరణ విలువైనదే. కానీ ఆ సంవత్సరంలోనే, అదే కౌంటీలో, కొండకు అవతలి వైపు, ఒక ఉక్కు సంస్థ పదివేల మందికి ఊరు కడుతోంది. కాలం ఆగిపోయిన చోటు కాదు అది.

ఆ ఊరు అలా లేవడానికి పునాది ఇటుకలతో పడలేదు, కాగితాలతో పడింది. 19వ శతాబ్దం చివరి దశకాల నుంచి తూర్పు కెంటకీ కొండల్లో దళారులు ఇంటింటికీ తిరిగి ఖనిజ హక్కులు కొన్నారు. ఆ దస్తావేజు ప్రకారం పైనున్న నేల రైతుదే, దాని మీద పన్ను కట్టవలసింది కూడా రైతే. కింద ఉన్న బొగ్గు, దాన్ని తీయడానికి అవసరమైన కలపను, నీటిని, దారిని వాడుకునే హక్కు కొన్నవారివి. తవ్వేటప్పుడు కలిగే నష్టానికి పరిహారం అడగకూడదన్న షరతు కూడా అందులో ఉండేది. ఎకరానికి అర డాలరు మొదలుకొని కొద్ది డాలర్లు చేతిలో పెట్టారు. చదువు రానివారు గీత గీసి సంతకంగా ఒప్పుకున్నారు. వాళ్ళను అమాయకులని తేల్చేయడం తొందరపాటు. రైలు లేని కొండలో ఎవరూ తీయలేని రాయిని అమ్మి రొక్కం పుచ్చుకోవడం ఆ రోజుకు తెలివైన బేరమే. పలుగు, పారలతో సొరంగం తవ్వడమే వాళ్ళకు తెలిసిన తవ్వకం. 50 ఏళ్ల తర్వాత బుల్డోజర్లు వచ్చి, ఇంటి వెనకాల వాలును చెట్లతో సహా ఒలిచివేసి కింద ఉన్న బొగ్గును తీసినప్పుడు, కోర్టులు అదే కాగితాన్ని చూపి అందుకూ అనుమతి ఉందన్నాయి. కొన్ని చోట్ల తాతముత్తాతల సమాధులు కూడా తవ్వకానికి దారి ఇవ్వవలసి వచ్చింది. చివరికి 1988లో కెంటకీ ఓటర్లు ఐదింట నాలుగు వంతులకు పైగా మెజారిటీతో రాజ్యాంగాన్ని సవరించి, దస్తావేజు రాసిన నాటికి ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న పద్ధతిలో మాత్రమే తవ్వాలని, మరో పద్ధతికి నేల యజమాని అంగీకారం కావాలని నిర్ణయించారు. అప్పటికే ఎన్నో కొండవాలులు ఒలిచివేతకు పోయాయి.

రైలు 1911లో వచ్చింది. లూయివిల్ అండ్ నాష్‌విల్ కంపెనీ పట్టాలు కంబర్లండ్ లోయ వెంట హార్లన్ చేరగానే కౌంటీ రూపురేఖలు మారిపోయాయి. ఇక్కడి బొగ్గులో గంధకం తక్కువ. ఉక్కు కొలిమికి కావలసిన కోక్ తయారీకి అది చక్కగా పనికొస్తుంది. అందుకే వచ్చినవారు చిన్నవారు కారు. వ్యవసాయ యంత్రాలు చేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన అనుబంధ సంస్థ ద్వారా బెన్హమ్ ఊరిని కట్టింది. యు.ఎస్. స్టీల్ అనుబంధ సంస్థ 1917లో, బ్లాక్ మౌంటెన్ పాదాల దగ్గర, లించ్ నిర్మాణం మొదలుపెట్టింది. బాగా నడిచిన రోజుల్లో లించ్‌లో పదివేల మంది వరకూ ఉండేవారు. ఆస్పత్రి, బడి, హోటలు, పెద్ద దుకాణం, ఇళ్లు, వీధులు, పోలీసులు అన్నీ కంపెనీవే. మిగతా చోట్ల చిన్న కంపెనీలు ఇంతకన్నా నాసిరకం శిబిరాలు కట్టాయి. జీతానికి ముందే సరుకు కావాలంటే కంపెనీ తన దుకాణంలో మాత్రమే చెల్లే బిళ్లలు ఇచ్చేది. ఇంటి అద్దె, వైద్యుడి రుసుము, దీపపు నూనె, పేలుడు మందు ఖర్చు అన్నీ కోసుకున్న తర్వాత నెలాఖరుకు చేతికి ఏమీ రాని కుటుంబాలు ఉండేవి. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది. ఈ ఒక్క లంకె గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా సులువుగా అర్థమవుతుంది.

పని చేయడానికి మనుషులు కావాలి, కౌంటీలో ఉన్నవారు పదివేలే. అలబామా బొగ్గుగనుల నుంచి, పత్తి చేల నుంచి నల్లజాతివారు వచ్చారు. కంపెనీ ఏజెంట్లు వాళ్ళకు రైలు టికెట్టు ఇప్పించి తీసుకొచ్చారు. హంగరీ, ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా స్లావ్ దేశాల నుంచి వలస వచ్చినవారు చేరారు. లించ్ వీధుల్లో ఎన్నో భాషలు వినిపించేవి. బాయి లోపల నల్లవారు, తెల్లవారు పక్కపక్కనే పనిచేశారు. ఒకే పైకప్పు కింద, ఒకే ప్రమాదంలో. పైకి వచ్చాక ఇళ్ల వరుసలు వేరు, చర్చిలు వేరు, బళ్లు వేరు. 1923లో లించ్‌లో నల్లపిల్లల కోసం కట్టిన బడి నలభై ఏళ్లు నడిచి, బళ్ల విలీనం వచ్చినప్పుడు 1963లో మూతపడింది. పత్తి చేలల్లో అప్పుల బతుకు వదిలి వచ్చిన తొలితరానికి బొగ్గు కూలి ఒక మెట్టు పైకి ఎక్కడమే. ఆ మెట్టును పట్టుకుని వాళ్ళు తమ పిల్లలను చదివించారు.

పని ఎలా ఉండేదో కాస్త ఆగి చూడాలి. హార్లన్‌లో చాలా బొగ్గు పొరల మందం మూడు నాలుగు అడుగులే. అంటే రోజంతా మోకాళ్ల మీదో, పక్కకు వాలో, వంగో పని. పొర అడుగున కోసి, రంధ్రం తొలిచి, మందు కూరి పేల్చి, బొగ్గును డబ్బాలకు ఎత్తాలి. కూలి టన్నుల లెక్కన. పైకప్పుకు దన్ను కర్రలు నిలపడం, నీళ్లు తోడడం, రాయి తీసిపారేయడం లాంటి పనులకు చాలాచోట్ల పైసా రాదు. బొగ్గు తూచేది కంపెనీ మనిషి. తమ తరఫున ఒక తూకందారును పెట్టుకోవడం గనికార్మికుల తొలి డిమాండ్లలో ఒకటిగా ఎందుకు ఉండేదో దీన్నిబట్టి తెలుస్తుంది. యూనియన్ అన్న మాట అక్కడ ఒక సిద్ధాంతంగా కాక, తక్కెడ ముందు తన మనిషి ఉండాలన్న సాదా కోరికగా మొదలైంది.

ఆర్థిక మాంద్యం వచ్చి బొగ్గు ధర పడిపోయినప్పుడు, 1931 ఫిబ్రవరిలో యజమానుల సంఘం కూలీలో 10 శాతం కోత పెట్టింది. గనికార్మికుల యూనియన్ యునైటెడ్ మైన్ వర్కర్స్ సభలకు వెళ్ళినవారిని పనిలోంచి తీసేసి, ఇళ్లు ఖాళీ చేయించారు. అలా వీధిన పడ్డ కుటుంబాలు చేరిన చోటు ఎవర్ట్స్; అది కంపెనీ ఊరు కాదు కాబట్టి అక్కడ తలదాచుకోగలిగారు. మే 5న ఆ ఊరి అంచున గని వైపు వెళ్తున్న డిప్యూటీల, అంటే షెరీఫ్ కింది సాయుధుల, కార్లకూ, దారి కాచిన కార్మికులకూ మధ్య కాల్పులు జరిగాయి. డిప్యూటీల పక్షాన ముగ్గురు, ఒక కార్మికుడు చనిపోయారు. గవర్నరు రాష్ట్రపు నేషనల్ గార్డు సేనను పంపించాడు. వాళ్ళు శాంతి కాపాడడానికి వచ్చారని నమ్మిన కార్మికులు మొదట స్వాగతం పలికారు. కొద్ది రోజుల్లోనే ఆ సేన నీడలో గనులు తెరుచుకున్నాయి, సమ్మె విరిగింది. పలువురు కార్మిక నాయకుల మీద హత్యాకుట్ర కేసులు నడిచి, కొందరికి యావజ్జీవ శిక్షలు పడ్డాయి. ఎవర్ట్స్‌లో ఆకలితో ఉన్నవారికి వండిపెట్టిన వంటశాలను డైనమైట్‌తో పేల్చారు. ఆ రోజుల్లోనే, భర్త కోసం ఇంటిని సోదా చేసి వెళ్ళిన డిప్యూటీలను చూశాక, ఫ్లోరెన్స్ రీస్ అనే గనికార్మికుని భార్య గోడ క్యాలెండరు చింపి దాని వెనక ఒక పాట రాసింది. నువ్వు ఎటు పక్షమో తేల్చుకోమని అడిగే ఆ పాట తర్వాత అమెరికా అంతటా సమ్మెల్లో, పౌరహక్కుల ఊరేగింపుల్లో వినిపించింది.

ఇక్కడ షెరీఫ్ సంగతికి తిరిగి రావాలి. డిప్యూటీలకు బ్యాడ్జి ఇచ్చేది ఎన్నికైన షెరీఫ్. వాళ్ళలో చాలామందికి జీతం ఇచ్చేది బొగ్గు కంపెనీలు. అంటే ఒక కంపెనీ కాపలాదారు ప్రభుత్వ అధికారంతో తుపాకీ పట్టుకుని తిరగగలడు. 1937లో సెనేటర్ లఫాలెట్ నాయకత్వంలోని సెనేట్ కమిటీ ఈ ఏర్పాటును సాక్ష్యాలతో సహా బయటపెట్టింది. అదే సంవత్సరం యూనియన్ కోసం తిరుగుతున్న ఒక మతబోధకుడి ఇంటి మీద రాత్రివేళ కాల్పులు జరిపినప్పుడు ఆయన కొడుకు చనిపోయాడు. మరుసటి సంవత్సరం కంపెనీల మీద, యజమానుల మీద, డిప్యూటీల మీద కేంద్ర ప్రభుత్వం పెట్టిన కేసులో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. అయినా కౌంటీలో జరిగేది ఇక కౌంటీ గోడల లోపలే ఉండిపోదని యజమానులకు అర్థమైంది. 1939లో యూనియన్ ఒప్పందం కుదిరింది. నెత్తురు మాత్రం అప్పటితో ఆగలేదు: 1941లో క్రమీస్ క్రీక్‌లో, కంపెనీ దుకాణంలో జరిగిన కాల్పుల్లో నలుగురు కార్మికులు చనిపోయారు. రక్తపు హార్లన్ అన్న పేరు ఈ దశాబ్దంలో స్థిరపడింది. ఆ పేరు కొండ మనుషుల స్వభావానికి అంటించడం అన్యాయం. చట్టాన్ని అద్దెకు తీసుకునే వీలున్న చోట ఏ మనుషులున్నా అలాగే జరిగేది.

ఎనిమిదేళ్లు నెత్తురోడ్చి తెచ్చుకున్న ఒప్పందం ఒక తరానికి మేలు చేసింది. టన్నుకు ఇంతని యజమానులు కట్టిన సంక్షేమ నిధితో యూనియన్ 1956లో మూడు రాష్ట్రాల కొండ ప్రాంతాల్లో పది ఆస్పత్రులు తెరిచింది. వాటిలో ఒకటి హార్లన్‌లో. కానీ అదే ఒప్పందాల్లో మరో నిర్ణయం కూడా ఇమిడి ఉంది. కూలి పెరగాలంటే యంత్రాలు రావాలని యూనియన్ అధ్యక్షుడు జాన్ ఎల్. లూయిస్ ఒప్పుకున్నాడు. బొగ్గును కోసే, ఎత్తే యంత్రాలు వచ్చాయి. రైళ్లు డీజిలుకు, ఇళ్లు గ్యాసుకు మారాయి. 1950లో 71,751 మంది ఉన్న కౌంటీలో 1970 నాటికి 37,370 మంది మిగిలారు. 20 ఏళ్లలో సగం కౌంటీ ఖాళీ అయింది. డెట్రాయిట్ కార్ల కర్మాగారాలకు, సిన్సినాటికి, క్లీవ్‌లండ్‌కు కుటుంబాలు కదిలిపోయాయి. బొగ్గు తవ్వకం తగ్గినకొద్దీ నిధి కూడా ఎండిపోయి, 1960లలో ఆస్పత్రులు యూనియన్ చేయి దాటి ఒక లాభాపేక్ష లేని సంస్థకు చేరాయి. ఆ ఆస్పత్రి నేటికీ హార్లన్‌లో నడుస్తోంది.

1973లో బ్రూక్‌సైడ్ గని కార్మికులు యునైటెడ్ మైన్ వర్కర్స్‌ను ఎన్నుకున్నప్పుడు, దాని యజమాని ఈస్టోవర్ కంపెనీ ఒప్పందానికి నిరాకరించింది. ఈస్టోవర్ వెనక ఉన్నది ఉత్తర కరోలినాలోని డ్యూక్ పవర్ విద్యుత్ సంస్థ. సుమారు 180 మంది కార్మికులు ఏడాదికి పైగా సమ్మెలో ఉన్నారు. గేటు దగ్గర కొద్దిమంది కార్మికులకు మించి నిలబడరాదని జడ్జి ఆంక్షలు విధించాడు. ఆ ఆజ్ఞ కార్మికులకు వర్తించేది కాబట్టి వాళ్ళ భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు వచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. తెల్లవారకముందే లేచి, చేతికర్రలతో దారి కాచిన ఆ ఆడవారిలో చాలామంది 1931 సమ్మెను చిన్నప్పుడు చూసినవారు, లేదా దాని కథలు వింటూ పెరిగినవారు. వాళ్ళు ఉంటున్న కంపెనీ ఇళ్లలో అప్పటికీ కుళాయి నీళ్లు లేవు. 1974 ఆగస్టులో లారెన్స్ జోన్స్ అనే యువ కార్మికుడిని కాల్చి చంపారు. ఆ తర్వాత రోజుల వ్యవధిలోనే కంపెనీ ఒప్పందం మీద సంతకం చేసింది. ఈ సమ్మె మీద బార్బరా కోపుల్ తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ అవార్డు దక్కింది. ఆ పేరు ప్రఖ్యాతులు ఎలా ఉన్నా, ఒక మనిషి ప్రాణం పోతే తప్ప కుదరని ఒప్పందాన్ని విజయం అనడానికి మనసు రాదు.

ఉపరితలం మీద ఇన్ని మారినా బాయి లోపలి ప్రమాదం పోలేదు. 2006 మే 20న హోమ్స్ మిల్ దగ్గరి డార్బీ గనిలో మీథేన్ అంటుకుని పేలింది. ఐదుగురు చనిపోయారు, ఒక్కరు బయటపడ్డారు. అదే ఏడాది జనవరిలో వెస్ట్ వర్జీనియాలో జరిగిన మరో ప్రమాదంతో కలిపి ఇది అమెరికా కాంగ్రెసును కదిలించి, జూన్‌లో కొత్త గని భద్రతా చట్టం వచ్చింది. పేలుడు వార్త అవుతుంది. దుమ్ము వార్త కాదు. 1969 నాటి చట్టం బొగ్గు దుమ్ముకు పరిమితి విధించాక ఊపిరితిత్తుల జబ్బు తగ్గుముఖం పట్టింది. కానీ మందమైన పొరలు అయిపోయి, పలచని పొరల కోసం యంత్రాలు పైనా కిందా ఉన్న రాయిని కూడా కోయడం మొదలయ్యాక గాలిలో సిలికా అనే రాతి ధూళి పెరిగింది. 25 ఏళ్లకు పైగా పనిచేసిన హార్లన్ కూడా ఉన్న మధ్య అపలాచియా కొండ ప్రాంతపు గనికార్మికుల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఈ జబ్బు ఉందని ప్రభుత్వ పరిశోధకులు 2018లో ప్రకటించారు. నలభైల్లోనే ఆక్సిజన్ గొట్టంతో బతికే కార్మికులు ఈ లోయల్లో ఉన్నారు.

పన్నుల విషయం కూడా ఈ దస్తావేజుల కథలో భాగమే. తవ్వకుండా భూమిలోనే ఉన్న బొగ్గు మీద ఆస్తి పన్ను కెంటకీలో 1988 దాకా నామమాత్రంగానే ఉండేది. తవ్విన బొగ్గు మీద ప్రత్యేక పన్ను 1972లో గానీ రాలేదు. అంటే, తవ్వకం ఉచ్చస్థితిలో ఉన్న రోజుల్లో కౌంటీ బళ్లకు, రోడ్లకు దక్కవలసిన డబ్బు రైలు పెట్టెల్లో బొగ్గుతో పాటే వెళ్ళిపోయింది. నేడు హార్లన్‌లో సుమారు మూడో వంతు జనం దారిద్ర్యరేఖకు దిగువన ఉండడం గురించి మాట్లాడేవారు ఈ పద్దును కూడా చూడాలి.

2015 నాటికి కెంటకీ రాష్ట్రం మొత్తంలో యూనియన్ ఉన్న బొగ్గుగని ఒక్కటీ పనిచేయడం లేదు. దాని అర్థం ఏమిటో 2019 జూలైలో తెలిసింది. బ్లాక్‌జుయెల్ అనే కంపెనీ దివాలా తీసింది. కార్మికులకు అప్పటికే ఇచ్చిన జీతాల చెక్కులు బ్యాంకుల్లో చెల్లలేదు. కొత్తగా పెట్టిన గని కంపెనీ జీతాలకు హామీగా బాండు సమర్పించాలని రాష్ట్ర చట్టంలో ఉంది. ఆ కంపెనీ సమర్పించలేదు, ఎవరూ అడగలేదు. నెలాఖరున కంబర్లండ్ దగ్గర, తాము తవ్విన బొగ్గునే వేసుకుని వెళ్తున్న రైలును చూసి కొందరు కార్మికులు పట్టాల మీద కూర్చున్నారు. గుడారాలు వెలిశాయి, పొయ్యిలు వెలిగాయి, పిల్లలు పట్టాల పక్కన ఆడుకున్నారు. దాదాపు రెండు నెలలు ఆ బొగ్గు కదలలేదు. చివరికి 50 లక్షల డాలర్లకు పైగా బకాయిలు చెల్లించే ఒప్పందం కుదిరింది. యూనియన్ కార్డు లేని తరం అది. కానీ ఎక్కడ కూర్చుంటే బండి ఆగుతుందో వాళ్ళకు ఎవరూ నేర్పవలసిన అవసరం రాలేదు.

బొగ్గు తర్వాత ఏమిటన్న ప్రశ్నకు కౌంటీలో సిద్ధంగా ఉన్న జవాబు లేదు. బెన్హమ్‌లో కంపెనీ దుకాణం ఇప్పుడు బొగ్గు మ్యూజియం. కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి 2017లో దాని పైకప్పు మీద సౌర ఫలకాలు అమర్చారు. లించ్‌లో ఒక పాత గనిలోకి సందర్శకులను చిన్న బండిలో తీసుకెళ్తున్నారు. బ్లాక్ మౌంటెన్ శిఖరాన్ని తవ్వకం నుంచి కాపాడాలని స్థానిక బడి పిల్లలు కూడా గొంతు కలిపిన ఉద్యమం ఫలితంగా 1999లో 3,800 అడుగుల పైన ఉన్న భాగానికి రక్షణ దొరికింది. అడవి మళ్ళీ కమ్ముకొస్తోంది, ఎలుగుబంట్లు తిరిగి వచ్చాయి. ఇవన్నీ మంచివే, కానీ ఇవేవీ పదివేల మందికి అన్నం పెట్టిన గనికి సాటి రావు. ఆ మాట హార్లన్‌వాసులకు బయటివారి కన్నా బాగా తెలుసు.

వెళ్ళిపోయినవారు మాత్రం పూర్తిగా వెళ్ళిపోలేదు. లించ్, బెన్హమ్ ఊళ్ల నుంచి ఉత్తరాది నగరాలకు చేరిన నల్లజాతి కుటుంబాలు 1969లో క్లీవ్‌లండ్‌లో ఈస్టర్న్ కెంటకీ సోషల్ క్లబ్ పేరుతో ఒక సంఘం పెట్టుకున్నాయి. నాటి నుంచి ఏటా సెప్టెంబరు మొదట్లో, కార్మిక దినోత్సవపు సెలవుల్లో, ఏదో ఒక నగరంలో వందలాది మంది కలుసుకుంటారు. తాతలు అలబామా నుంచి బొగ్గు కోసం వచ్చారు, తండ్రులు బొగ్గు తవ్వారు, వీళ్ళు పద్దెనిమిదేళ్లు నిండగానే బస్సెక్కారు. కంపెనీ రోజుల్లో లించ్‌లో వాళ్ళకు సొంత ఇల్లు లేదు. ఇల్లు కంపెనీది, నేల కంపెనీది, కింద బొగ్గూ కంపెనీదే. 1923లో కట్టిన బడి భవనం ఇంకా నిలిచి ఉంది. దాని తాళం ఇప్పుడు ఆ సంఘపు లించ్ శాఖ చేతిలో ఉంది.